ఎనభై సూతుల రెక్క

వంటింటి అల్మారా తలుపు సరిగా పడటం లేదని మొన్నొక శుక్రవారం వడ్రంగిని పిలిపించాను. బీహార్ మనిషి. తలుపు మూసి, తెరిచి, సందులో గోరు పెట్టి చూసి, "దో సూత్ కా ఫరక్ హై, మేడమ్" అన్నాడు. రెండు సూతుల తేడా ఉందట. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఒమాన్‌లో చెక్కపని చేసేవాళ్ళు, బీహార్ వాళ్ళైనా పంజాబ్ వాళ్ళైనా మన జగిత్యాల వాళ్ళైనా, కాగితం మీద కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నా నోటితో మాత్రం సూతులే చెబుతారు. ఆ మాట చెవిన పడగానే నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది.

పోయిందని కాదు. నిక్షేపంగా ఉంది. ఒక మనిషి గురించి రాయాలంటే ఆ మనిషి ముందు చచ్చిపోవాలన్న ఆచారం మనవాళ్ళలో ఎందుకొచ్చిందో తెలియదు. బతికున్నవాళ్ళ గురించి రాస్తే ఎదురు సమాధానం చెబుతారని భయం కాబోలు. ఈ పిల్ల విషయంలో ఆ భయం అక్కర్లేదు. నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా నాతో వాదించలేదు. ఒక్కసారి కూడా నా మాట వినలేదు.

మేముండేది మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో. నేను స్కూల్లో సోషల్ చెబుతాను. ఫ్లాట్‌లో మూడో గదిని చదువుకునే ఆడపిల్లలకు ఇస్తుంటాను. ఈమె వచ్చిన రోజు వెంట తండ్రి ఉన్నాడు, ఆయన భుజం మీద ప్లైవుడ్‌తో ఆయనే చేసిన పెట్టె ఉంది. దేశానికి దక్షిణపు కొసన, సలాలా దగ్గర రైసూత్‌లో ఆయన షట్టరింగ్ ఫోర్‌మన్. కాంక్రీటు పోసే ముందు దానికి చెక్కతో అచ్చు కడతారు చూడండి, ఆ పని. జగిత్యాల వైపు నుంచి వడ్రంగిగా వచ్చి, ఫోర్‌మన్ అయ్యాక భార్యాబిడ్డలను తెచ్చుకున్నాడు.

"ఏం చదువు?" అని అడిగాను పిల్లని.

"ఏరోస్పేస్ ఇంజనీరింగ్, ఆంటీ."

"అంటే ఎయిర్ హోస్టెస్సా?"

తెలిసే అడిగాను. కొత్తగా వచ్చిన పిల్లలను ఒకసారి గిల్లి చూడటం నాకు అలవాటు. ఉడుక్కునేవాళ్ళు ఉడుక్కుంటారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు, దాన్నిబట్టి నాలుగేళ్ళు ఎలా గడుస్తాయో తెలిసిపోతుంది. ఈమె కాసేపు ఆలోచించింది.

"కాదాంటీ. వాళ్లు విమానం లోపటి సంగతి చూస్తరు. మాది బయటి సంగతి."

కోపం లేదు, వెటకారం లేదు. అడిగినదానికి జవాబు. ఈ పిల్లతో నాకు కష్టమని అప్పుడే అనుమానం వచ్చింది.

ఆమెకొక మాట ఉండేది, "ఎంతలో ఎంత?" అని. ఇవాళ ఎండ మండిపోతోందంటే, "ఎంతలో ఎంతాంటీ? నిన్నటి మీదనా, పోయిన నెల మీదనా?" అనేది. పక్క ఫ్లాట్ ఆవిడ బాగా లావెక్కిందన్నా అదే ప్రశ్న. మనం ఒక మాట అన్నాక అవతలివాళ్ళు ఊ కొట్టాలి, లేదా కాదనాలి. లోకంలో మాటలు సాగేది అలాగే. ఈ పిల్ల రెండూ చెయ్యదు, కొలబద్ద అడుగుతుంది. చారులో ఉప్పెక్కువైందా అని అడిగితే ఎంత చారులో ఎంతేశారని అడిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చెంచాన్నర అని చెబితే, ఇంకో గరిట తాగి, "అయితే ఎక్కువే" అంది. నాలుకతో తేలాల్సిన సంగతి లెక్కతో తేల్చింది.

జోకులకు నవ్వేది కాదు. నవ్వేది, కానీ ఆలస్యంగా. మొదటి ఏడాది ఒకసారి, "మీ చదువంతా గాలి కబుర్లేగా" అన్నాను. మొహంలో ఏమీ కదల్లేదు. మూడో రోజు వాషింగ్ మెషీన్‌లోంచి బట్టలు తీస్తూ ఒక్కతే పడీపడీ నవ్వుతోంది. ఏమైందని వెళ్ళి చూస్తే, "గాలి కబుర్లు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

గాలి చదువే కానీ గాలి అంటే ఆమెకు పడేది కాదు. నేల మీద కాగితాలన్నీ పరుచుకుని చదివే అలవాటు. ఏసీ వేస్తే కాగితాలు లేస్తాయని ఏసీ ఆపేసేది. మస్కట్‌లో, జూన్‌లో. గది తలుపు తీస్తే తందూరు మూత తీసినట్టుండేది. లోపల తండ్రి పాత కంపెనీ చొక్కా వేసుకుని, చెమటతో తడిసిపోయి, గాలి రెక్క మీంచి ఎలా జారిపోతుందో లెక్కలు వేస్తూ ఉండేది. పోనీ అంత కష్టపడ్డందుకు క్లాసు ఫస్టా అంటే అదీ కాదు. రెండో ఏడాది ఒక సబ్జెక్టు పోయింది. ఆ సంగతి నేను అడగకముందే వంటింట్లోకి వచ్చి చెప్పింది, పాలు అయిపోయాయని చెప్పినట్టు: "ఆంటీ, థర్మోడైనమిక్స్ ఫెయిలైన. పెరుగు తేవాల్నా?"

శుక్రవారం మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేసేవాడు. ఆమె అన్నం తింటూ స్పీకర్ పెట్టేది కాబట్టి ఇద్దరి మాటలూ నాకు వినబడేవి. ఆయన తన పని చెప్పేవాడు, ఆమె తన చదువు చెప్పేది. విమానం ముక్కు ఎత్తితే రెక్క కింద గాలి ఎక్కువ నెడుతుందని ఒకసారి చెబుతోంది.

"అయితే ఇంక ఎక్కువ ఎత్తితే ఇంక ఎక్కువ లేస్తది గద" అన్నాడాయన.

"కొంతవరకే బాపూ. ఆ మీద ఎత్తితే గాలి రెక్కను ఇడిసిపెడ్తది. దాన్ని స్టాల్ అంటరు. ఇగ కిందికే."

"మా ఇంజనీరు సాబ్ తీరు" అన్నాడు. "తల పైకెత్తుడు ఎక్కువైతె సైట్ల ఒక్కడు మాటినడు."

అప్పుడు మాత్రం ఆమె వెంటనే నవ్వింది.

చివరి ఏడాది ప్రాజెక్టుకు వీళ్ళు ఒక రెక్క నమూనా చెయ్యాలి. ఇద్దరు జట్టు, ఈమె, సూర్ అనే రేవు ఊరి నుంచి వచ్చిన ఒమానీ అమ్మాయి. నమూనాను విండ్ టన్నెల్‌లో పెడతారు. అదొక పొడవాటి పెట్టె, ఒక చివర పెద్ద ఫ్యాన్. మధ్యలో రెక్కను బిగించి, గాలి వదిలి, ఆ గాలి రెక్కను ఎంత బలంగా పైకి నెడుతోందో కొలుస్తారు. ఆ బలాన్ని రెక్క వైశాల్యంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. పుస్తకంలో ఆ ఆకారానికి చెప్పిన అంకెతో దాన్ని పోల్చి చూస్తారు. నాకు అర్థమైనంతవరకు నాలుగేళ్ళ చదువు వచ్చి ఆ అంకె దగ్గర ఆగింది.

నమూనాను డిపార్ట్‌మెంట్‌లో ఉన్న త్రీడీ ప్రింటర్ మీద తీసుకోవాలి. దాని ముందు నెల రోజుల క్యూ. శుక్రవారం ఫోన్‌లో ఆ మాట చెబితే తండ్రి అన్నాడు, "చెక్కతోటి కాదా?"

"అయితది."

"మరి నేనున్న గద. కొలతలు పంపు."

ఈమె ఒక కాగితం నిండా అంకెలు పంపింది. రెక్క పొడవుకు లాబ్ వాళ్ళిచ్చిన ఇనప కడ్డీని కూడా పంపింది, దానికి సరిపెట్టమని. రెండు వారాలకు సలాలా బస్సులో తువ్వాలు చుట్టి ఒక వస్తువు వచ్చింది. టేకు చెక్క. ముందు అంచు బొటనవేలంత గుండ్రం, వెనక అంచు కత్తిలా సన్నం. చెయ్యి పెడితే ఎక్కడా ఆగలేదు. నేను జీవితంలో చాలా వస్తువులకు వంకలు పెట్టాను. దానికి పెట్టలేకపోయాను.

టన్నెల్‌లో పెడితే అంకె పుస్తకంలో కంటే ఎక్కువొచ్చింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఎక్కువే. అంత లిఫ్ట్, అంటే పైకి నెట్టే బలం, తమ లాబ్‌లో ఏ విద్యార్థి నమూనా ఇవ్వలేదని ప్రొఫెసర్ అన్నాడట, చెక్క నునుపు వల్లే అయి ఉంటుందని కూడా అన్నాడట. ఆ మాట రైసూత్ చేరింది. పుస్తకాన్ని దాటిన రెక్క చేశానని ఆయన క్యాంపులో చెప్పని మనిషి లేడు. ఆ వారం ఫోన్‌లో వెనకనుంచి ఎవరో, "మేస్త్రీ, మాకు గూడ రెండు రెక్కలు జెయ్, ఊరికి పోతం" అనడం నాకు వినిపించింది.

ఇందులో సంతోషం ఒక్కటే కాదు, ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ విమానాల మరమ్మతు చేసే కంపెనీ ఒకటి ఏటా ఆ డిపార్ట్‌మెంట్ నుంచి ట్రైనీలను తీసుకుంటుంది. అందులో బయటి దేశాల పిల్లలకు ఒక్క సీటు. ప్రాజెక్టులు చూసి ప్రొఫెసర్ ఒక పేరు పంపాలి. రైసూత్‌లో తండ్రి కంపెనీ ఆ వేసవికి పని ముగించుకుంటోంది, వీళ్ళ వీసాలు కూడా దాంతోనే ముగుస్తాయి. ఆ సీటు వస్తే ఈమె మస్కట్‌లో ఉండి విమానాల దగ్గర పని నేర్చుకుంటుంది. రాకపోతే అందరితో పాటు జగిత్యాల. ప్రొఫెసర్ పంపేది ఈమె పేరేనని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

రిపోర్టు ఆదివారం ఇవ్వాలి, బుధవారం హాల్లో పరీక్షకుల ముందు నిలబడి చెప్పాలి. గురువారం మధ్యాహ్నం ఇద్దరమ్మాయిలూ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆఖరి మెరుగులు దిద్దుతున్నారు. రెక్క ఫోటో ఒకటి కావాలన్నారు. నమూనా పక్కన స్టీలు స్కేలు పెట్టి, నా ఫోన్‌తో నేనే తీశాను. ఆమె దాన్ని లాప్‌టాప్‌లో పెద్దది చేసుకుని చూస్తూ అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి స్కేలు తీసుకుని రెక్కను కొలిచింది. ఆ చివర ఒకసారి, ఈ చివర ఒకసారి, మధ్యలో ఒకసారి.

"ఆంటీ, వెడల్పు పద్నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువుంది."

"ఎంతలో ఎంత?" అన్నాను. ఆమె మాట నా నోటికి ఎప్పుడు పట్టుకుందో నాకే తెలియదు.

"రెండు వందల నలభైలో. వందకు ఆరు."

సూర్ అమ్మాయి స్కేలు లాక్కుని తనూ కొలిచింది. ఎంత కొలిచినా రెండు వందల యాభై నాలుగే. ఈమె నాకు అర్థమయ్యేలా చెప్పింది: "రెక్క పెద్దగున్నది కాబట్టి గాలి ఎక్కువ నెట్టింది. మేము చిన్న రెక్క అనుకొని భాగించినం. అందుకే అంకె పెద్దగొచ్చింది."

"లాబ్‌లో ఎవరూ కొలవలేదా?"

"బరువు చూసిన్రు. బిగింపు చూసిన్రు. వెడల్పు నేను కొలవాలె. కొలవలే."

"ఎందుకు కొలవలేదు?"

"బాపు జేసిండు గదా."

సూర్ అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది. ఇంగ్లీషూ అరబీ కలిపి, "మా తాత సూర్‌లో పడవలు కట్టాడు, జేనతో కొలిచేవాడు, ఒక్కటీ మునగలేదు. వదిలెయ్, ఖలాస్" అంది. ఆ పిల్లకు సీటు గొడవ లేదు, ఒమానీ కాబట్టి ఆమె దారి వేరు. మార్కులు తగ్గుతాయని తప్ప ఆమెకు పోయేదేమీ లేదు. అయినా స్నేహితురాలి కోసం చెప్పింది. అందులో నాకు తప్పు కనిపించలేదు. నేనూ అదే చెప్పాను, నా పద్ధతిలో.

ఆ అమ్మాయి వెళ్ళాక వంటింట్లో మొదలుపెట్టాను. ఈమె గిన్నెలు తోముతోంది.

"చూడమ్మాయ్, నువ్వు అబద్ధం చెప్పలేదు. ఫ్యాన్ తిప్పారు, మిషన్ చెప్పింది, మీరు రాశారు. కొలవకపోవడం మీ లాబ్ తప్పు. ప్రొఫెసర్‌కి లేని పట్టింపు నీకెందుకు? రేపు ఆ రెక్క ఏ విమానానికీ తగిలించరు, అటక మీద పడేస్తారు. స్కేలు తీసెయ్, ఇంకో ఫోటో తీస్తాను."

"ఫోటోల స్కేలు తీసేస్తే రెక్క తగ్గదు గదాంటీ."

"నీకు సీటు అక్కర్లేదా?"

"కావాలె."

"మరి?"

"సీటు ఆ అంకెకు ఇస్తున్నరు. ఆ అంకె లేదు."

స్కూల్లో ఇరవయ్యేళ్ళుగా పిల్లల చేత డిబేట్లు చేయిస్తున్నాను. ఏ పక్షం ఇచ్చినా గెలిపించగలను. ఆ రోజు నా దగ్గరున్న మంచి వాదనలన్నీ వాడాను, చెడ్డవి కూడా వాడాను. ఆమె ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. గిన్నె తర్వాత గిన్నె కడిగి బోర్లిస్తోంది. అప్పుడు నేను అనకూడనిది అన్నాను.

"సరే, నీ సంగతి వదిలెయ్. మీ నాన్న పరువు? పుస్తకాన్ని దాటిన రెక్క చేశానని అంతమందికి చెప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వు హాల్లో నిలబడి మా నాన్నకు కొలవడం రాదంటావా?"

చేతిలో గిన్నె ఆగింది. నాలుగేళ్ళలో నా మాట ఆమెకు తగిలింది ఆ ఒక్కసారే అనుకుంటాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"పోనీ పేరైనా తీసెయ్" అన్నాను మెత్తబడి. రిపోర్టు మొదటి పేజీలో కృతజ్ఞతల దగ్గర, రెక్క తయారు చేసింది ఫలానా, షట్టరింగ్ ఫోర్‌మన్, రైసూత్ అని తండ్రి పేరు వేసింది. "బయట వర్క్‌షాప్‌లో చేయించామని రాయి. తప్పూ చెప్పినట్టుంటుంది, ఆయనా బయటపడడు."

"మెచ్చుకున్నప్పుడు పేరున్నది" అంది. "ఇప్పుడు తీసేస్తె ఎట్ల?"

చేతులు సరిగా తుడుచుకోకుండానే ఫోన్ చేసింది. శుక్రవారం కాకపోయినా, అన్నం తినకపోయినా, అలవాటుగా స్పీకర్ పెట్టింది. నేను అక్కడినుంచి కదల్లేదు.

"బాపూ, రెక్క వెడల్పు ఎట్ల కొలిచినవ్?"

"ఎట్ల కొలుస్త? టేపుతోటే." ఇంకా పొగడ్త ఏదో వస్తుందన్న ఉత్సాహం ఆయన గొంతులో. "నువ్వు రెండు వందల నలభై మిల్లీలని రాసినవ్. సూతుకు మూడు మిల్లీలు. ఎనభై సూతులు. అంటే పదంగుళాలు. పదంగుళాలకు ఎంటికంత తేడా రానియ్యలే. మిగిలిన కొలతలన్ని గదే లెక్క."

"సూతుకు మూడు కాదు బాపూ. మూడు మీద ఇంకింత ఉంటది."

"ఎంత?"

"ఒకదానికైతె కండ్లకు గూడ కనపడది. ఎనభైసార్లు కలిపితె పద్నాలుగు మిల్లీలు."

అవతల ఎవరిదో బండి వెనక్కి వస్తున్న చప్పుడు వినిపించింది.

"నాకు పని నేర్పిన మేస్త్రీ మూడే చెప్పిండు" అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది మూడే అనుకుంటున్న." తర్వాత ఆమెకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు, "పెద్ద కొలతలకు టేపు మిల్లీల దిక్కు తిప్పుత. సందులల్ల కొట్టే చెక్కముక్కలకు, గిసొంటి చిన్న పనులకే సూతు. జర్రంత ఎక్కువుంటె బిగువుగ పడ్తది. అందుకే ఎన్నడు తెల్వలే."

"రెక్క ఆకారం మంచిగున్నది బాపూ. అన్ని ఒక్క లెక్కన పెరిగినయి. ఆకారం మారలే."

"అది గాదు. పేపర్ల రాస్తవా?"

"రాస్త."

"సీటు?"

"రాకపోవచ్చు."

"నా పేరుంటదా?"

"ఉంటది."

నేను ఆమె మొహం చూశాను. ఏమీ కనిపించలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంకా తడిగానే ఉంది.

"మీటింగ్ ఎన్నడే?"

"బుధవారం. పదింటికి."

"వస్త" అన్నాడు.

బుధవారం వచ్చాడు. పన్నెండు గంటలు బస్సులో కూర్చుని, ఇస్త్రీ చొక్కా కవర్లో పెట్టుకుని, బస్టాండులో మార్చుకుని వచ్చాడు. నన్నూ రమ్మంది. ఇద్దరం రెండో వరసలో కూర్చున్నాం.

నేనైతే ఆ సంగతిని చివర్లో, ప్రశ్నలు అయిపోయాక, టీ వచ్చే వేళకు చెప్పేదాన్ని. ఈమె లేచి నమస్కారం పెట్టి మొదటే చెప్పింది. తెర మీద నేను తీసిన ఫోటో, స్కేలుతో సహా. ముందు ఇచ్చిన అంకె తప్పు, సరైన అంకె ఇది, సరైన అంకె పుస్తకంలో ఉన్న దానితో దాదాపు కలుస్తోంది. తేడా ఎలా వచ్చిందో చెప్పడానికి సూత్ అంటే ఏమిటో వివరించింది. అంతా ఇంగ్లీషు. తండ్రికి ఇంగ్లీషు రాదు. సూత్ అన్న మాట దగ్గర మాత్రం ఆయన తల ఎత్తాడు.

"అంటే మనం ఒక వడ్రంగి కొలతతో ఏరోడైనమిక్స్ చేశామన్నమాట" అన్నాడు ముందు కూర్చున్న పరీక్షకుల్లో ఒకాయన. హాల్లో నవ్వారు. అందరూ నవ్వుతున్నారని తండ్రి కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "కొలత ఆయనది సార్, కొలవకపోవడం నాది" అని చెప్పి తర్వాతి స్లైడుకు వెళ్ళింది.

ప్రొఫెసర్ ఒకే ప్రశ్న వేశాడు. "ఇప్పుడు మీ నమూనాలో ప్రత్యేకత ఏమిటి?"

"ఏమీ లేదు సార్. పుస్తకంలో ఉన్నంతే ఉంది."

నెలన్నర క్రితం దాన్ని అందరికీ చూపించి మెచ్చుకున్న మనిషి ఆయన. కాగితం మీద ఏదో రాసుకున్నాడు, తల ఎత్తలేదు. సీటు డ్రోన్ చేసిన ఇంకో జట్టులోని అబ్బాయికి వెళ్ళిందని ఆ సాయంత్రమే తెలిసింది. మార్కులు పాసుకు ఇబ్బంది లేకుండా వచ్చాయి, అంతే. నిజం చెప్పినందుకు ఎవరూ ఆమె భుజం తట్టలేదు. నేనైతే కోపం తగ్గక రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది.

తర్వాతి సంగతి నాకు ఎక్కువ తెలియదు. హైదరాబాద్‌లో ఎక్కడో చేరానని ఒకసారి మెసేజ్ పెట్టింది. "ఇప్పుడైనా కొలిచి చూస్తున్నావా?" అని ఎత్తిపొడిచాను. నాలుగు రోజుల తర్వాత నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చింది.

ఆమె వెళ్ళిపోయిన రోజు చెప్పి ఆపేస్తాను. సలాలా బస్సు సాయంత్రం. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చి వస్తానని ఆమె వెళ్ళింది. తండ్రి ఆ ప్లైవుడ్ పెట్టె సర్దుతున్నాడు. నేను టీ ఇచ్చాను. ఆయన పెట్టెలోంచి రిపోర్టు కాపీ తీసి, చేతులు చొక్కాకు తుడుచుకుని నా ముందు పెట్టాడు.

"నా పేరు ఏడున్నది మేడమ్? చూపెట్టుండ్రి."

కృతజ్ఞతల పేజీ చూపించాను. వేలు పెట్టి అక్షరాలను తడిమాడు.

"ఇంకోకాడ గూడ ఉన్నదన్నది."

ఉంది. ముప్పై ఎనిమిదో పేజీ, దోషాలు అన్న శీర్షిక కింద. తీసి చూపించాను. ఆయన అక్కడ కూడా పేరు తడిమి, ఏం రాసిందని అడిగాడు.

ఇంగ్లీషు ఆయనకు రాదు. పిల్ల ఇంట్లో లేదు. చాలా నునుపుగా చేశారని, చెక్కపనిలో మీ అంతటివారు లేరని రాసిందని చెప్పడం మొదలుపెట్టాను. అబద్ధమే, కానీ ఎవరికీ నష్టం లేని అబద్ధం, నేను సమర్థించుకోగలిగినది.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నా బిడ్డ అట్ల రాయది మేడమ్" అన్నాడు. "ఉన్నది సదువుండ్రి."

చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. రెక్క వెడల్పు రెండు వందల నలభైకి బదులు రెండు వందల యాభై నాలుగు. కారణం, తయారు చేసిన ఫలానా వ్యక్తి సూతుకు మూడు మిల్లీమీటర్లని లెక్కించడం. ఆకారంలో దోషం లేదు. అక్కడ ఆగాను.

"అయిపోయిందా?"

"ఇంకో వాక్యం ఉంది. నమూనా అందిన తర్వాత విద్యార్థిని దాన్ని కొలవలేదు, ఆ బాధ్యత విద్యార్థినిదే అని."

"తనది గూడ రాసుకున్నదా?"

"రాసుకుంది."

"అయితె సరే" అన్నాడు. రిపోర్టు మూసి, తువ్వాల్లో చుట్టి, పెట్టెలో ఆమె బట్టల మీద పెట్టాడు. తర్వాత ఎందుకో దాన్ని మళ్ళీ తీసి, పెట్టె మూత వేసి, తన చేతి సంచిలో పెట్టుకున్నాడు.